రెండు గుర్రాలు ఎక్కడ కట్టాలి

విశాఖలోని కూర్మన్నపాలెం జంక్షన్ నుంచి దూరప్రయాణానికి బయలుదేరే మోటారుసైకిల్‌కి రెండు రకాల పరీక్షలు ఎదురవుతాయి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద లంకెలపాలెం, అనకాపల్లి వైపు వెళ్తే చదును రోడ్డు, ఎదురుగాలి, దాటుకుంటూ పోవాల్సిన లారీల వరస. సబ్బవరం, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా వెళ్తే అనంతగిరి ఘాట్ ఎక్కాలి. వెనక సీట్లో మనిషి, పక్కల సామాను పెట్టెలు, మలుపు మలుపుకీ గేరు మార్పు. ఇలాంటి ప్రయాణాల కోసమే తయారైన బండ్లలో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఒకటి. 2016లో వచ్చిన ఆ బండికి 411 సీసీ ఒంటి సిలిండర్ ఇంజిన్. 6500 ఆర్‌పీఎం దగ్గర సుమారు 24 హార్స్‌పవర్ ఇస్తుంది, 4000 దాటాక 32 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఓపికైన ఇంజిన్ అని పేరు తెచ్చుకుంది, కానీ నడిపేవాళ్లలో చాలామంది కోరిక ఒక్కటే: ఇంకొంచెం లాగితే బాగుండు. ఆ ఇంకొంచెం అన్నదాన్ని ఎనిమిది శాతం అనుకుందాం. అంటే దాదాపు రెండు గుర్రాలు. అవి దొరకడం పెద్ద కష్టం కాదు. వాటిని ఏ వేగం దగ్గర కడుతున్నామన్నదే అసలు ప్రశ్న. టాప్ స్పీడ్ కోసం కడితే అవి దాదాపు దండగ. మధ్య వేగాల్లో కడితే పెట్టిన ఎనిమిది శాతానికి ఇరవై శాతం ఫలితం కనిపిస్తుంది. ఈ అధ్యాయమంతా ఆ తేడా గురించే.

ముందు గాలి సంగతి చూద్దాం. బండి ముందుకు పోతున్నప్పుడు గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ బలాన్ని ఎదిరించడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో, అంటే మూడో ఘాతంతో పెరుగుతుంది. నిటారుగా కూర్చుని నడిపే ఇలాంటి బండికి గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలికీ, టైర్ల రాపిడికీ కలిపి చక్రం దగ్గర సుమారు 12 హార్స్‌పవర్ ఖర్చవుతుంది. అదే 120కి వెళ్తే 20 దాకా కావాలి. వేగం ఐదో వంతు పెరిగితే ఖర్చు మూడింట రెండు వంతులు పెరిగింది. అందుకే ఎనిమిది శాతం పవర్ కలిపి టాప్ స్పీడ్ చూస్తే, 120 వెళ్లే బండి మహా అయితే 123 వెళ్తుంది. మూడు కిలోమీటర్లు! ఇప్పుడు అదే ఎనిమిది శాతాన్ని 100 దగ్గర చూడండి. టాప్ గేరులో ఆ వేగం దగ్గర గేర్లు, చైన్ తినేది పోగా చక్రానికి 19 హార్స్‌పవర్ అందుతోందనుకుందాం. అందులో 12 గాలికీ రోడ్డుకీ పోతే మిగిలేది ఏడు. లారీని దాటడానికి బండి వేగం పుంజుకునేది ఆ ఏడుతోనే. ఇంజిన్‌కి ఎనిమిది శాతం కలిపితే 19కి ఒకటిన్నర చేరుతుంది. కానీ ఖర్చు మారలేదు గనుక ఆ ఒకటిన్నరా నేరుగా మిగులులోకి వెళ్తుంది. ఏడు ఎనిమిదిన్నర అయింది, అంటే ఇరవై శాతానికి పైగా పెరుగుదల. పికప్ అని జనం అనేది ఈ మిగులునే. ఘాట్‌లోనూ ఇదే సూత్రం, కాకపోతే లాభం కొంచెం తక్కువ. మొత్తం 350 కిలోల బరువుతో వందకి ఎనిమిది చొప్పున ఎత్తు పెరిగే రోడ్డును 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి ఆరు హార్స్‌పవర్ చాలు. ఇంజిన్ 4000 ఆర్‌పీఎం దగ్గర అందుకు రెట్టింపు పైనే ఇస్తుంది. ఎక్కలేకపోవడం అక్కడ సమస్య కాదు. ముందున్న బస్సును రెండు మలుపుల మధ్య దొరికిన చిన్న జాగాలో దాటడమే సమస్య, దానికి పనికొచ్చేది మళ్లీ మిగులే.

ఆ పవర్ పుట్టేది ఎక్కడ? పెట్రోలులో అని చెప్పడం సులువు, కానీ పెట్రోలును ఎంతైనా పోయవచ్చు. దాన్ని కాల్చే గాలికే కొరత. కూర్మన్నపాలెం గేటు లోపల విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. ఫర్నేసు ఎంత ఇనుము కరిగిస్తుందన్నది కింది నుంచి ఎంత గాలి ఊదగలరన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే అక్కడ గాలిలో ఆక్సిజన్ పాలు పెంచి మరీ ఊదుతారు. మోటారుసైకిల్ సిలిండర్‌కీ ఇదే హద్దు, అయితే ఒక్క విషయంలో రెండూ పరస్పర విరుద్ధం. ఫర్నేసుకు వేడి కావాలి గనుక గాలిని స్టౌలలో వెయ్యి డిగ్రీలు దాటేదాకా కాచి పంపుతారు. ఇంజిన్‌కి చల్లగాలి కావాలి, ఎందుకంటే అదే జాగాలో చల్లగాలి ఎక్కువ బరువుగా ఇముడుతుంది. పాతిక డిగ్రీల గాలికీ నలభై డిగ్రీల గాలికీ సాంద్రతలో ఐదు శాతం తేడా ఉంది. విశాఖ వేసవి ఉక్కపోతలో నీటి ఆవిరి ఇంకో మూడు, నాలుగు శాతం చోటు ఆక్రమిస్తుంది. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి పీడనం పది శాతం తగ్గుతుంది. పైన చల్లగా ఉండటం వల్ల అందులో మూడో వంతు తిరిగి వస్తుంది. కొత్త సైలెన్సర్ బిగించి ఘాట్‌కి వెళ్లినవాడు బండి బాగా లాగిందని చెబితే, ఆ ఘనత సైలెన్సర్‌దో, తెల్లవారుజామున పడిన మంచుదో విడదీసి చెప్పడం అందుకే కష్టం.

సిలిండర్ గాలి మింగే తీరు దగ్గరగా చూడాల్సిందే. 4000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక్క చుట్టు తిరగడానికి పదిహేను మిల్లీసెకన్లు పడుతుంది. అందులో పిస్టన్ కిందికి దిగే సగభాగం, అంటే ఏడున్నర మిల్లీసెకన్లలో అర గ్రాముకి కొంచెం తక్కువ గాలి లోపలికి రావాలి. ఆ గాలితో కలిసి కాలే పెట్రోలు గ్రాములో ముప్ఫయ్యో వంతు. అది విడుదల చేసే శక్తిలో పదింట మూడు వంతులే క్రాంక్‌కి పని రూపంలో చేరుతుంది, మిగతాది సైలెన్సర్ గుండా, సిలిండర్ రెక్కల గుండా వేడిగా పోతుంది. ఈ ఇంజిన్ 32 న్యూటన్ మీటర్లు ఇస్తోందంటే ఇంజిన్ ఒక్కో ఆవర్తనంలో పిస్టన్ మీద సగటున దాదాపు పది బార్ల పీడనం పనిచేస్తున్నట్టు లెక్క. టర్బో లేని, రెండు వాల్వుల, గాలితో చల్లబడే ఇంజిన్‌కి అది చెప్పుకోదగ్గ అంకె. అంటే తయారుచేసినవాళ్లు ఇందులో పెద్దగా ఏమీ దాచిపెట్టలేదు. సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ తాళం వేసిన గుర్రాలు చాలా ఉన్నాయన్న నమ్మకానికి ఈ బండి విషయంలో ఆధారం కనిపించదు.

టార్క్ పెంచలేనప్పుడు ఆర్‌పీఎం పెంచవచ్చుగా అని అడుగుతారు. పవర్ అంటే టార్క్‌నీ తిరిగే వేగాన్నీ గుణించగా వచ్చేదే కదా. లెక్క సరైనదే. కానీ ఈ ఇంజిన్ బోరు 78 మిల్లీమీటర్లు, స్ట్రోకు 86. పొడవు స్ట్రోకు ఇంజిన్‌లో పిస్టన్ ఒక్కో చుట్టుకీ ఎక్కువ దూరం పరుగెత్తాలి. 6500 దగ్గరే దాని సగటు వేగం సెకనుకు 18 మీటర్లు దాటుతుంది. 7500కి తీసుకెళ్తే 21 దాటుతుంది. అంతకన్నా ముఖ్యంగా, పైకీ కిందికీ దిశ మారేటప్పుడు కనెక్టింగ్ రాడ్ మీద పడే గుంజు మూడో వంతు పెరుగుతుంది, ఎందుకంటే ఆ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. ఇంజిన్‌ని పైకి తిప్పి పవర్ తేవాలంటే ఏమేం మార్చాలో కంపెనీయే 2023లో చూపించింది. కొత్త హిమాలయన్ 452 సీసీ. పాతదానికన్నా పది శాతం పెద్దది, అంతే. కానీ పవర్ దాదాపు 40 హార్స్‌పవర్, పాతదానికన్నా అరవై శాతం ఎక్కువ. అందుకోసం స్ట్రోకును 81.5 మిల్లీమీటర్లకు కుదించారు, బోరును 84కి పెంచారు, నాలుగు వాల్వులు పెట్టారు, నీటితో చల్లబరిచారు, కంప్రెషన్‌ని 9.5 నుంచి 11.5కి తెచ్చారు. క్రాంక్ నుంచి రేడియేటర్ దాకా కొత్తగా గీసుకున్నారన్నమాట. అదంతా ఒక షెడ్డులో పాత ఇంజిన్‌కి నాలుగు విడిభాగాలు తగిలించి సాధిస్తామని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. మనం మాట్లాడుకునేది ఎనిమిది శాతం గురించి, ఆ పరిమితిలో చేయదగ్గది చాలానే ఉంది.

మొదటి వాటా పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవడంలోనే ఉంది. ట్యాపెట్ల సందు మిల్లీమీటరులో పదో వంతు స్థాయిలో ఉండే కొలత. అది తప్పితే వాల్వు తెరుచుకోవలసినంత తెరుచుకోదు, లేదా మూసుకోవలసినంత మూసుకోదు. బ్రేక్ ప్యాడ్ డిస్కుకి రాసుకుంటూ ఉండటం, ఎండిన చైన్, గాలి తగ్గిన టైరు, జారుతున్న క్లచ్, అరిగిన ప్లగ్గు, ఇవన్నీ తలా కొంత తింటాయి. వీటిని సరిచేయడాన్ని అప్‌గ్రేడ్ అని ఎవరూ పిలవరు, అందుకే దానికి గిరాకీ లేదు. ఇది బాధాకరం, ఎందుకంటే పాతిక వేల కిలోమీటర్లు తిరిగిన బండి పవర్ పెంచమని షెడ్డుకి వచ్చేసరికి అది కోల్పోయినదే అడిగినదానికి సమానంగా ఉండవచ్చు. రూపాయికి ఎక్కువ ఫలితమిచ్చే మార్పు మాత్రం చైన్ స్ప్రాకెట్. ముందు పళ్లచక్రంలో 15 పళ్లకు బదులు 14 ఉంటే ప్రతి గేరులోనూ చక్రం దగ్గర తోసే బలం ఏడు శాతం పెరుగుతుంది. ఇంజిన్‌లో ఒక్క బోల్టు విప్పకుండానే! ఇంజిన్ పవర్ అణువంత కూడా పెరగలేదు కదా, ఇది మోసం కాదా అనిపించవచ్చు. కాదు. ఘాట్‌లో మూడో గేరు చాలక, రెండో గేరు ఎక్కువై ఇబ్బంది పడేవాడికి కావలసింది సరిగ్గా ఇదే. బదులుగా హైవే మీద అదే వేగానికి ఇంజిన్ ఏడు శాతం ఎక్కువ తిరుగుతుంది, అదురు పెరుగుతుంది, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది. ఎక్కువగా జాతీయ రహదారి మీద తిరిగేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

తర్వాత అందరి చూపూ పడేది ఎయిర్ ఫిల్టర్ మీద, సైలెన్సర్ మీద. గాలి సులువుగా వచ్చే ఫిల్టర్ పెడితే కొంత లాభం ఉన్న మాట నిజం, అయితే అది ఎక్కువగా పై ఆర్‌పీఎంలలోనే. గాజువాక, మల్కాపురం, పోర్టు ప్రాంతాల గాలిలో బొగ్గు పొడి, ఖనిజాల ధూళి తిరుగుతూ ఉంటాయి. ఫిల్టర్ కన్నాలు ఎంత పెద్దవైతే అంత ఎక్కువ ధూళి సిలిండర్‌లోకి పోయి రింగులనీ బోరునీ ఆకురాయిలా అరగదీస్తుంది. రెండేళ్లలో పోయే కంప్రెషన్‌ని లెక్కేస్తే ఈ ఊళ్లో అది లాభసాటి బేరం కాదు. కంపెనీ పేపర్ ఫిల్టర్‌నే చెప్పిన గడువుకన్నా ముందుగా మార్చడం మంచిది. ఇక సైలెన్సర్. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే గొట్టంలో ఒక పీడన కెరటం బయలుదేరుతుంది. వేడి వాయువులో అది సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుంది. గొట్టం వెడల్పయ్యే చోట తిరగబడి తక్కువ పీడనంగా వెనక్కి వస్తుంది. అది సరైన క్షణంలో వాల్వు దగ్గరికి చేరితే మిగిలిపోయిన పొగను బయటికి లాగి కొత్త గాలికి చోటిస్తుంది. తప్పు క్షణంలో చేరితే పొగను లోపలికే నెడుతుంది. గొట్టం పొడవు, మధ్యలో అరలు అన్నీ ఏదో ఒక ఆర్‌పీఎం శ్రేణికి కుదిర్చినవే. లోపలి అరలు తీసేసిన బోలు సైలెన్సర్‌లో ఆ కుదురు చెదిరిపోతుంది, మధ్య శ్రేణి టార్క్ తరచూ తగ్గుతుంది. మరి బండి బలంగా ఎందుకనిపిస్తుంది? చెవి వల్ల. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు మనసు నమ్ముతుంది. అందులోంచి క్యాటలిస్టును కూడా తీసేస్తే కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు నేరుగా వీధిలోకి వస్తాయి. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే పదివేల రూపాయల దాకా జరిమానా ఉంది. 2024లో విశాఖ పోలీసులు పట్టుకున్న మోత సైలెన్సర్లను బీచ్ రోడ్డు మీద పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు. కఠినంగా తోచవచ్చు. కానీ రాత్రి షిఫ్టు చేసి వచ్చి ఉక్కునగరం క్వార్టర్లలో పగలు నిద్రపోయే కార్మికులున్న ఊరు ఇది. అరశాతం కూడా పెరగని పవర్ కోసం వాళ్ల నిద్ర చెడగొట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇంధనం లెక్క సరిచేయించడం వీటన్నిటికన్నా నిక్కమైన మార్పు. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. పూర్తి పవర్ కావాలంటే మిశ్రమం అంతకన్నా కొంచెం చిక్కగా, పదమూడుకి ఒకటి చొప్పున ఉండాలి. నెమ్మదిగా పోయేటప్పుడు ఉద్గారాల నిబంధనల కోసం ఇంజిన్‌ని నియంత్రించే కంప్యూటరు, అంటే ఈసీయూ, మిశ్రమాన్ని 14.7 దగ్గరే పట్టి ఉంచుతుంది, అలా ఉంచడమే న్యాయం. మార్చదగ్గది పూర్తిగా రేజ్ ఇచ్చినప్పటి ఇంధనం పట్టిక, మంట రగిలించే క్షణం మాత్రమే. ఇందులో ఇప్పుడు కొత్త చిక్కొకటి వచ్చింది. 2025 నాటికి దేశమంతా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది. ఇథనాల్‌కి తొమ్మిది పాళ్ల గాలే చాలు, ఈ మిశ్రమానికి పదమూడున్నర సరిపోతుంది. పాత పెట్రోలు కోసం రాసిన పట్టికతో పూర్తి రేజ్‌లో నడిస్తే మిశ్రమం పలచబడుతుంది, హెడ్డు వేడెక్కుతుంది. దాన్ని సరిచేయిస్తే పవరే కాదు, వాల్వుల ఆయుష్షూ పెరుగుతుంది. ఇథనాల్ వల్ల ఆక్టేన్ పెరుగుతుంది, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది కూడా. లీటరుకు దొరికే శక్తి మాత్రం ఆరేడు శాతం తక్కువ, మైలేజీ తగ్గేది అందుకే. ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు పోస్తే పవర్ వస్తుందన్నది ఇంకో నమ్మకం. ఆక్టేన్ అనేది మిశ్రమం వేళ కాకుండా పేలే నాకింగ్‌ని తట్టుకునే గుణం, శక్తి కొలత కాదు. 9.5 కంప్రెషన్ ఇంజిన్ మామూలు పెట్రోలుతో నాకింగ్ లేకుండా నడుస్తుంటే అదనపు ఆక్టేన్‌కి అక్కడ పని లేదు.

అలాంటప్పుడు కంప్రెషన్ పెంచి ఆ ఆక్టేన్‌ని వాడుకోవచ్చు కదా? సిద్ధాంతంలో 9.5ని 10.5 చేస్తే సామర్థ్యం మూడు శాతం కూడా పెరగదు. గాలితో చల్లబడే ఇంజిన్‌లో, మే నెల ఎండలో, సామానుతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు నాకింగ్ ప్రమాదం అంతకన్నా చాలా ఎక్కువ. ఇది చేయదగ్గ పని కాదు. కామ్‌షాఫ్ట్ సంగతి వేరు. వాల్వును ఎక్కువసేపు తెరిచి ఉంచే కామ్ పై ఆర్‌పీఎంలో పవర్ ఇచ్చి కింద టార్క్ లాక్కుంటుంది. టూరింగ్ బండికి అది తలకిందుల బేరం. తెరిచి ఉంచే వ్యవధి దాదాపు అంతే ఉండి, వాల్వును కొంచెం ఎక్కువ ఎత్తే కామ్ దొరికితే, దానికి తగ్గట్టు ఇంధనం పట్టిక కూడా రాయిస్తే, మనక్కావలసిన మధ్య శ్రేణిలో ఐదారు శాతం ఆశించడం అత్యాశ కాదు. బోరు పెంచితే టార్క్ అన్ని ఆర్‌పీఎంలలోనూ పెరుగుతుంది, భౌతికశాస్త్రం దృష్ట్యా అదే మేలైన దారి. చట్టం దృష్ట్యా అది మూసిన దారి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు, సీసీ అందులో రాసి ఉంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట చూసేది ఆ పత్రమే.

పవర్ పెరిగితే ఇంజిన్ ఆయుష్షు తగ్గుతుందన్న అభ్యంతరానికీ జవాబు చెప్పాలి. అది సగమే నిజం. 80 కిలోమీటర్ల వేగంతో పోవడానికి కావలసిన పవర్ ముందెంతో తర్వాతా అంతే, కాబట్టి ఆ వేగంలో ఇంజిన్ మీద పడే వేడీ భారమూ మారవు. అదనపు గుర్రాలు వాడిన క్షణాల్లోనే అదనపు వేడి పుడుతుంది. లారీ దాటడానికి మూడు, నాలుగు సెకన్లు వాడితే పెద్ద తేడా రాదు. అనకాపల్లి నుంచి తుని దాకా రేజ్ తగ్గించకుండా పోతే తేడా వస్తుంది. ఆయిల్ మార్పిడి గడువు తగ్గించడం, వారంటీ మిగిలి ఉండగా ఈ పనులేవీ మొదలుపెట్టకపోవడం దీనికి సరైన జాగ్రత్తలు. టైర్లు, బ్రేకులు మంచి స్థితిలో లేకపోతే ఆ డబ్బు ముందు వాటికే వెళ్లాలి.

ఇక పాఠకులకు ఒక్క మనవి. గాలి చలువ, తేమ, ఎత్తు, శబ్దం, ఆశ అన్నీ కలిసి ఎనిమిది శాతాన్ని సులువుగా కల్పించగలవు, అంతే సులువుగా దాచేయగలవు కూడా. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి బండిని ఒకే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద, ఒకే రకం పెట్రోలుతో కొలిపించండి. వచ్చిన కాగితంలో గరిష్ఠ పవర్ అంకె వదిలేసి 3000 నుంచి 5000 ఆర్‌పీఎం మధ్య గీత పైకి లేచిందో లేదో చూడండి. అలా కొలిచి చూపించని షెడ్డుకి డబ్బు ఇవ్వకండి.